జ్వరం సారు తనిఖీ

"అందరిళ్లకీ వెళ్లారు. ఆవిడ ఇంటికి మాత్రం కాళ్లు రావడం లేదేం సార్?"

కుట్టుమిషన్ల చప్పుడుకు మించి గొంతు పెంచి అడిగింది గుండీలక్క. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలు వంచుకుని నవ్వు బిగబట్టారు.

సూపర్‌వైజరు వినబడనట్టే నడవబోయి ఆగిపోయాడు. ఆ బట్టల ఫ్యాక్టరీలో అతనికి జ్వరం సారని పేరు. ఒంట్లో బాగోలేక సెలవు పెట్టినవాళ్లకి జీతం కొయ్యకూడదన్నది రూలు. నిజంగా జబ్బో కాదో ఇంటికెళ్లి చూసి రావచ్చన్నది ఆ రూలుకో తోక. అతను ఆ తోక పట్టుకునే ఇల్లిల్లూ తిరిగేవాడు. జబ్బు మనిషన్నాక మంచం మీదుండాలి, అంతే. పోయిన నెల గుండీలక్క జ్వరంతో అంట్లు తోముకుంటూ కనబడింది. ఆ సెలవుకి జీతం పోయింది.

ఇప్పుడు కాలర్లు కుట్టే ఆవిడ సెలవులో ఉంది.

"పాపం, నిజంగానే బాగోలేదు," అని నసిగాడు.

"తనిఖీ లేకుండా మీ నోటిమాట చాలా సార్? మాకైతే నాలుకలు చాపించి మరీ చూశారు."

"ఆవిడంటే సారుకి మొదట్నుంచీ అదోలా..." వెనక వరసలోంచి ఎవరో అందుకున్నారు. నవ్వులు గుప్పుమన్నాయి.

అతని చెవులు ఎర్రబడ్డాయి. "రూలు రూలే. భోజనాల వేళకి వెళ్లొస్తాను," అన్నాడు.

దారిలో నారింజలు కొన్నాడు. తనిఖీకి వెళ్లేవాడు పళ్లు పట్టుకెళ్లడమేమిటని మళ్లీ తనకే అనిపించి, సంచి అడుక్కి తోసేశాడు. గుమ్మం ముందు కాసేపు తటపటాయించి, ఆఫీసు పని మీద వచ్చిన మనిషిలా తలుపు కొట్టాడు.

ఆవిడ తలుపు తీసింది. మోచేతుల దాకా సబ్బు నురగ. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి. అతన్ని చూసి ముందు తెల్లబోయింది, తర్వాత పెదవి కొరుక్కుంది.

"రండి సార్. తనిఖీకా?"

"మంచం మీద ఉండాల్సినదానివి..."

"లేదని రాసుకోండి సార్. గుండీలక్కకో న్యాయం, నాకో న్యాయమా?"

నుదుటి మీద చెయ్యి వెయ్యబోయి వెనక్కి తీసుకున్నాడు. మళ్లీ మనసొప్పక వేశాడు. కాలిపోతోంది.

"ఇంత జ్వరంలో బట్టలుతక్కపోతే కొంపలు మునుగుతాయా?"

"రేపు మా ఆయన వేసుకెళ్లడానికి చొక్కా లేదు సార్."

"ఆయనకి చెప్పొచ్చుగా?"

"చెప్పాను. హాయిగా పడుకో అని చెప్పి పనికి వెళ్లిపోయారు. నేను పడుకుంటే ఇంట్లో పని ఎవరు చేస్తారన్నది మాత్రం తట్టలేదు. మంచివారే సార్. కాస్త అమాయకులు."

అతను పెరట్లోని బకెట్ వైపు చూశాడు. గుండీలక్క ఇంట్లో ఆ రోజు అంట్ల గిన్నెలు గుట్టగా ఉన్నాయి. వాటిలో ఆమె తిన్న కంచం ఒక్కటే అయ్యుంటుంది. మిగతావి ఎవరివో తను అడగనేలేదు.

"వెళ్లి పడుకో," అన్నాడు. ప్యాంటు పైకి మడుచుకుని బకెట్ ముందు చతికిలబడ్డాడు.

"కాలర్ల దగ్గర గట్టిగా రుద్దండి సార్, మురికంతా అక్కడే," అని మంచం మీంచి అజమాయిషీ వినబడింది. అతను అలాగే గట్టిగా రుద్దాడు. ఉతికి, పిండి, ఆరేసి, నారింజలు ఒలిచి పెట్టి, మాత్ర వేసుకునేదాకా నిలబడి మరీ బయటపడ్డాడు.

ఫ్యాక్టరీలో అడుగుపెట్టేసరికి గుండీలక్క చూపు అతని తడిసిన మోకాళ్ల మీద పడింది.

"ఏం సార్, మంచం మీదే ఉందా?"

"లేదు. చొక్కాలు ఉతుకుతోంది."

"అయితే జీతం కోస్తారా?"

"కొయ్యను. నీకు కోసిందీ ఇప్పిస్తాను. తప్పు నాదేనని పైన నేనే చెబుతాను. ఇకమీదట ఎవరింటికీ తనిఖీకి రాను."

మిషన్లు ఒక్కొక్కటే ఆగాయి. గుండీలక్క పెదవుల మీద మళ్లీ నవ్వు కదిలింది.

"ఇంతకీ ఎవరి చొక్కాలు సార్?"

"నావే," అన్నాడు ఆవిడ మొగుడు.