చెవులమ్మ గొంతు

తేనె దుకాణం పెట్టి, బేరాల్లేక ఈగలు తోలుకుంటున్న ఎలుగు బొద్దయ్య, ఎవరి గొంతైనా పలికే గోరింకను పనికి పెట్టుకున్నాడు.

"కొన్నవాళ్ళు మెచ్చుకున్నట్టు కేకెయ్యి. అబద్ధమైనా సరే, గొంతు అచ్చం వాళ్ళదే అనిపించాలి" అన్నాడు.

గోరింక కొమ్మెక్కి, ఒకప్పుడు వారం వారం తేనె కొన్న కుందేలు చెవులమ్మ గొంతుతో అరిచింది: "ఈ తేనెతో నా దగ్గు ఇట్టే పోయింది!"

అడవంతా మూగింది. చెవులమ్మ మొగుడు అందర్నీ తోసుకుంటూ రొప్పుతూ వచ్చాడు.

"ఏదయ్యా మా ఆవిడ? ఆ దగ్గుతోనే కదా మొన్నటి వానల్లో పోయింది!"

బొద్దయ్యకు తల కొట్టేసినట్టయింది. ఆమె రావడం ఎందుకు మానేసిందో తను ఎవర్నీ అడగనైనా లేదు.

"తప్పయిపోయింది తాతా, పలికింది గోరింక" అని గొణిగాడు.

ముసలి కుందేలు కొమ్మకేసి చూస్తూ చేతులు జోడించాడు.

"తిట్టనులే బాబూ. ఇంకొక్కసారి పలికించవూ?"