కంపెనీ మనిషి

చెయ్యి చాపమనగానే ప్రేమమ్మ ఆ చేతిని కొంగులో దాచుకుంది.

"కాస్త రక్తం చాలమ్మా" అన్నాడు అంకమ్మరావు, సూది పట్టుకుని గుమ్మంలో నిలబడి.

ప్రేమమ్మ తలుపు వేసేసింది.

అతను కంపెనీ కాంపౌండరు. పత్తి చేలకు కొట్టే పురుగుమందులు కలిపే ఫ్యాక్టరీ అది, సత్తెనపల్లి రోడ్డు పక్కన ఉంది. దాని గోడకు ఆనుకునే పల్లె. భోపాల్ సంగతి పేపర్లలో వచ్చాక, చుట్టుపక్కల జనం ఆరోగ్యం తామే కనిపెట్టి చూస్తామని కంపెనీ ప్రభుత్వానికి రాసిచ్చింది. అందుకని వాళ్ల రక్తం గుంటూరు ల్యాబుకు పంపాలి.

ఎవరూ ఇవ్వలేదు. అంతకుముందు ఏడు ఇలాగే ఇచ్చిన ఇద్దరిని ఒంట్లో బాగాలేదన్న వంకతో పనిలోంచి తీసేశారు. ప్రేమమ్మ కొడుకు ఏసోబు అక్కడే బస్తాలు మోస్తాడు. పని దిగి వచ్చేసరికి కళ్లు మసకలంటాడు. ఆ మాట ఆమె గడప దాటనివ్వదు.

రక్తం ఇవ్వకపోతే పోనీ, పల్లెలో ఎవరికీ ఏ జబ్బూ లేదని రాసుకొచ్చెయ్యమన్నాడట మేనేజరు. అంకమ్మరావు అలా రాసుకుని పోలేదు. మిషన్ బడి వెనక ఖాళీ గది అడిగి, పల్లెలోనే దిగాడు.

దాంతో అనుమానం ఇంకా ముదిరింది.

అతను వాళ్ల బోరింగు నీళ్లే తాగాడు. ఫ్యాక్టరీ గాలి ఇటు తిరిగే సాయంత్రాలు ఆరుబయటే కూర్చున్నాడు. ఎవరు దగ్గుతున్నారో వినడానికే కూర్చుంటున్నాడని ప్రేమమ్మ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది.

శనివారం వస్తే గది తలుపు వేసుకునేవాడు. కాసేపటికి ఐసు ఫ్లాస్కు చంకన పెట్టుకుని గుంటూరు బస్సెక్కేవాడు.

ఒక శనివారం ఏసోబు అడ్డం నిలబడి ఆ ఫ్లాస్కు తెరిపించాడు. లోపల చిన్న సీసా నిండా రక్తం. సీసా మీద పల్లె పేరు.

"ఎవరిదిది?"

"ఈ పల్లెలో ఉండే మనిషిదే."

"ఎవరని అడుగుతున్నా."

అంకమ్మరావు సీసాను మళ్లీ ఐసులో పెట్టి మూత బిగించాడు.

అందరూ ఇళ్లకు పోయి పిల్లల చేతులు తిప్పి తిప్పి చూసుకున్నారు. ఎక్కడా సూది గాటు లేదు. అయినా అతని పరుపుచుట్ట తెచ్చి రోడ్డు మీద పడేశారు. తాడు కట్టుకుంటుంటే అతని వేళ్లు వణికాయి. తప్పు చేసినవాడికి భయం ఉండదా అనుకుంది ప్రేమమ్మ.

రెండు నెలలకు గుంటూరు నుంచి అధికార్లు వచ్చి ఫ్యాక్టరీకి సీలు వేశారు. బోరింగు పిడి ఊడదీశారు. వెంట వచ్చిన డాక్టరమ్మ ఖుర్షిదా అందరికీ రక్తం పరీక్ష చేసి మందులిస్తామంది. ఈసారి ఏసోబే ముందు చెయ్యి చాపాడు.

కంపెనీ కాగితాల మీద, కంపెనీ మనిషి సంతకంతోనే రుజువు దొరికిందని ఆమె చెప్పింది. ఒకే మనిషి రక్తం పదకొండు వారాలు పరీక్ష చేశారట. మొదటి వారం ఏ లోపమూ లేదు. తర్వాత వారం వారం విషం ఎక్కుతూ వచ్చింది. ఆ కాగితాలు పంపినందుకు అంకమ్మరావును కంపెనీ తీసేసింది. ఎటు పోయాడో ఎవరికీ తెలియదు.

ప్రేమమ్మ మనసు ఆ రోగి మీదే ఉంది. అంత విషం ఒంట్లో పెట్టుకుని ఏ ఇంట్లో పడి ఉన్నాడో.

"ఆ మనిషి ఎవరమ్మా? మాకు చెబితే మేం చూసుకుంటాం" అంది.

డాక్టరమ్మ కాగితం వెనక్కి తిప్పింది.

"పేరు లేదమ్మా. మగమనిషి, నలభై రెండేళ్లు, మిషన్ బడి వెనక గదిలో కాపురం అని మాత్రం రాసుంది."