గుమ్మడి పుడ్డింగు

"సభలో ఆడామగా మధ్య ఆ చెక్క అడ్డు తీయనిచ్చేది లేదు. ఆడదాని చోటు వంటిల్లే," అన్నాడు మౌనంగా ప్రార్థించే మా క్వేకర్ క్రైస్తవ సంఘం పెద్ద జెడెడయా.

"కాదన్నదెవరు? ఇంకో ముక్క వెయ్యనా?" అంది భార్య టామ్సిన్. పంది వేపుడయ్యాక గుమ్మడి పుడ్డింగు, దానిమీద మళ్లీ పుడ్డింగు.

మధ్యాహ్నం సభ. అడ్డు తీసేసి, ఇకమీదట అందరం కలిసే నిర్ణయాలు చెయ్యాలని మా ఆడవాళ్లం అడిగాం. మా దగ్గర ఓట్లుండవు. ఎవరూ లేచి కాదనకపోతే ఒప్పుకున్నట్టే.

"అభ్యంతరముంటే చెప్పండి," అన్నాడు సభ నడిపే గుమాస్తా.

మగవాళ్లందరూ తలలు వంచి కళ్లు మూసుకుని ఉన్నారు. ప్రార్థన అనుకుని గుమాస్తా కాసేపు ఆగి, "అయితే సరే," అన్నాడు.

అడ్డు తీసిన చప్పుడుకి జెడెడయా ఉలిక్కిపడి లేచాడు. ఎదురుగా టామ్సిన్.

ఆ పూట ఊళ్లో పుడ్డింగు తినని మగాడు గుమాస్తా ఒక్కడే. పాపం, పెళ్లికానివాడు.