ఉప్పుటేట్లో ఆఖరి బాప్తిస్మం

మద్రాసు పక్కన ఎన్నూరు ఉప్పుటేరు మార్గళి నెల చలిలో కూడా వెచ్చగానే ఉంటుంది. కరెంటు ఫ్యాక్టరీ వేడినీళ్లు ఆడొచ్చి కలుస్తాయి. అందుకే మా పాస్టరు లార్స్ అయ్యగారు క్రిస్మస్ ముందు బాప్తిస్మాలు ఆడనే ఇచ్చేవారు. నార్వే మనిషే గానీ చలంటే ఆయనకు పడదు. చిన్నప్పుడు గడ్డకట్టిన చెరువు మీద ఆడుకుంటుంటే మంచు పగిలి తమ్ముడు లోపలికి పోయినాడంట. పట్టుకున్న చెయ్యి జారిపోయిందని మాకు ఒక్కసారే చెప్పినారు.

తొంభైమూడులో, ఇంకా తెల్లవారకముందు, నేను గట్టున పెట్రోమాక్స్ పట్టుకోని నిలబడుండా. మునిగి లేచినోళ్లంతా తువ్వాళ్లు కప్పుకోని నా వెనకాల పాడతా ఉండారు. అయ్యగారు మాత్రం నడుంలోతు నీళ్లలోనే నిలబడిపోయినారు.

"అందరికీ అయిపోయింది అయ్యగారూ, పైకి రండి," అన్నా.

ఆయన ఎవరి చెయ్యో అందుకున్నట్టు చీకట్లోకి చెయ్యి చాపినారు. ముంచే ముందు 'నమ్ముతున్నావా' అని అందరినీ అడిగే ఆ గొంతుతోనే ఏదో అడిగినారు, కానీ వాళ్ల ఊరి భాషలో. జవాబు విన్నట్టు తల ఊపినారు.

నా వెనక పాట ఆగిపోయింది.

ఆయన్ని పిలుచుకొద్దామని నీళ్లలో కాలు పెట్టినా. ఐసుగడ్డ మీద పెట్టినట్టయింది.

"వదిలేయండి అయ్యగారూ," అన్నా, ఏం వదలమంటున్నానో నాకే తెలీకుండా.

"ఈసారి వదలను, దేవసహాయం."

ముంచేటప్పుడు ఆయన ఎదుటి మనిషి వీపు కింద చెయ్యి పెట్టి మెల్లగా వెనక్కి వాలుస్తారు. పెట్రోమాక్స్ పైకెత్తి చూసినా. వెనక్కి వాలుతున్నది ఆయనే.