గంట మోగే కాల్‌సైన్

కింద గదిలో గంట మోగింది. మేడ మీద కుట్టుమిషన్ తొక్కుతున్న ఆమె కాలు టక్కున ఆగిపోయింది. మెట్లెలా దిగిందో ఆమెకే తెలీదు.

"కంగారుపడకమ్మాయ్, మీ ఆయన కాదు. ఎవరో దీవిలోంచి మాట్లాడుతున్నారు. పొరపాటున ఎరుపులో పడేశాను" అన్నాడు ఇంటాయన నాలిక్కరుచుకుని.

"మీ మతిమరుపు మండిపోనూ! అక్కడ పిల్లకి పై ప్రాణాలు పైనే పోతున్నాయి" అని వంటింట్లోంచి కసిరింది ఇంటావిడ.

ఇంటాయనకి రేడియో పిచ్చి. రిటైరయ్యాక ఆ పిచ్చి ముదిరింది. సంసారం రేడియోతో, భోజనం మాత్రం నా దగ్గరా అని ఇంటావిడ దెప్పుతూనే ఉంటుంది. ఆ పిచ్చి ఉన్నవాళ్లు ఊరూరా ఉన్నారట. ఒక్కొక్కరికీ ఒక కాల్‌సైన్. గాలిలో వాళ్ల పేరు అదేనన్నమాట. ఎవరైనా మాట్లాడితే, విన్నవాళ్లు ఫలానా కాల్‌సైన్ ఇక్కడ వినబడిందని కంప్యూటర్లో పెడతారు. అవన్నీ ఇంటాయన తెర మీద బిలబిలమంటూ వచ్చిపడుతుంటాయి.

అందులో తనకి కావలసినవాటికి ఆయన రంగులు పెట్టుకున్నాడు. ఇంకా మాట కలవని దేశాలకి నీలం. స్నేహితులకి పచ్చ. చచ్చిపోయిన స్నేహితులకి నలుపు, వాళ్లని తీసెయ్యడానికి ఆయనకి మనసొప్పదు. ఎరుపుకి మాత్రం గంట. ఆ ఎరుపులో ఉన్నది ఒకే ఒక్క కాల్‌సైన్, ఆమె అడిగి పెట్టించుకున్నది.

గది అద్దెకి చూడ్డానికొచ్చిన రోజున ఆమె కుళాయి తిప్పి చూడలేదు, గాలి వస్తుందా అని అడగలేదు. డాబా మీది యాంటెన్నా చూసింది.

"మావారికీ రేడియో ఉంది బాబాయ్ గారూ. కారులో పెట్టుకుని ఊళ్లు తిరుగుతుంటారు. ఎక్కడున్నారో తెలిస్తే చాలు, నాకింకేం అక్కర్లేదు" అంది.

ఇంటాయన పొంగిపోయాడు. అడ్వాన్సు కూడా అడగలేదు.

"ఫోన్ చెయ్యొచ్చుగదే?" అంది ఇంటావిడ ఒకసారి.

"డ్రైవింగులో ఎత్తరు పిన్నిగారూ."

"రేడియోలో అయితే వాగుతాడా?"

"నిద్రలో తప్ప మైకు వదలరు. మాట్లాడారంటే కాల్‌సైన్ చెప్పాల్సిందే, అది వాళ్ల రూలు."

గంట మోగితే భయం. మోగకపోతే అంతకన్నా భయం. అన్నం తింటున్నా, కూతురు బుజ్జికి జడ వేస్తున్నా ఆమె చెవులు కింద గదిలోనే ఉండేవి. ఒకరోజు తెర మీద నల్ల వరుస వంకే గుడ్లప్పగించి చూస్తూ నిలబడిపోయింది. "ఛఛ, అటు చూడకు తల్లీ. ఆయనకేం కాదు, నిక్షేపంగా ఉంటాడు" అని ఇంటావిడ ఆమె మొహం ఇటు తిప్పింది.

ఆ మధ్యాహ్నం వాన కుండపోతగా మొదలైంది. రోడ్లు మునిగాయని కబుర్లు. గంట మళ్లీ మోగింది. ఈసారి నిజంగానే ఎరుపు.

"రేవు పట్నంలో ఎవరో విన్నారు" అన్నాడు ఇంటాయన. కారు రేడియో దూరం పోదు. ఎవరు విన్నారో వాళ్ల చుట్టుపక్కలే ఉన్నట్టు లెక్క.

ఆమె గోడ మీది గడియారం చూసుకుంది.

కాసేపటికి మళ్లీ గంట. సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఒకాయన విన్నాడు. ఇంకాసేపటికి వంతెన దగ్గరి మెకానిక్.

"ఇదిగో, మెకానిక్ పక్కన చిన్న ముక్క కూడా రాశాడు. 'దారి అడుగుతున్నాడు' అట. అదేంటమ్మాయ్, మీ ఆయనకి ఇల్లు తెలీదా?"

"కొత్తిల్లు కదా బాబాయ్ గారూ..." అంటూనే ఆమె లేచింది. వంతెన దాటితే ఊళ్లోకొచ్చినట్టే. "బుజ్జి... పైన బుజ్జి ఒక్కతే పడుకుంది" అంటూ మెట్ల మీదికి పరుగెత్తింది.

"వెళ్లు వెళ్లు. పిల్లకి మంచి గౌను వెయ్యి" అని వెనక నుంచి నవ్వింది ఇంటావిడ.

పైన బీరువా తలుపు లాగింది. గౌను తియ్యబోతే బట్టలన్నీ కింద పడ్డాయి. పిల్లని నిద్రలోనే భుజాన వేసుకుని, రెండో చేత్తో సంచీ పట్టుకుని దిగింది. సగం మెట్లు దిగేసరికి ఇంటాయన గొంతు వినబడింది. మైకులో మాట్లాడుతున్నాడు. ఇన్నాళ్లకి ఆ కారు ఆయన రేడియోకి అందింది.

"మీ ఆవిడా పాపా మా మేడ మీదే ఉన్నారయ్యా! నీకోసం బెంగతో చిక్కి సగమైంది పిచ్చిపిల్ల. మార్కెట్ వెనక వీధిలోకి తిరుగు. డాబా మీద పెద్ద యాంటెన్నా కనబడుతుంది, అదే ఇల్లు."

స్పీకర్ కాసేపు గరగరలాడింది. తర్వాత ఒక మెత్తటి గొంతు వచ్చింది.

"చాలా థాంక్సండీ. మీ మేలు మర్చిపోను. నేనొస్తున్నట్టు తనకి మాత్రం చెప్పకండి, సర్‌ప్రైజ్ చేస్తాను."

"సరసుడే!" అని పకపకా నవ్వాడు ఇంటాయన. ఇంటావిడ కాఫీకి నీళ్లు పెట్టడానికి లేచింది.

ఆ గొంతుకి భుజం మీది పిల్ల ఉలిక్కిపడి లేచి, తల్లి మెడని రెండు చేతులతో కరుచుకుని చెవిలో అంది: "అమ్మా, నాన్న మళ్లీ మనల్ని కనిపెట్టేశాడా?"