బండి కింద పచ్చ నీళ్లు

"సేట్! బండి కింద పచ్చ నీళ్లు కారుతున్నయ్. ఆపుండ్రి!"

లాల్‌దర్వాజా మలుపులో ఓ ముసలాయన మోపెడ్ మీద వచ్చి కారు అద్దం తట్టాడు. చొక్కా నిండా గ్రీజు మరకలు.

విశ్వేశ్వర్ ఆపలేదు. ఈ నాటకం అతనికి తెలుసు. బండి కారుతోందంటారు. దిగి వంగి చూసేలోపు సీటు మీది సంచి మాయం. లాడ్ బజార్‌లో అతని పక్క కొట్టు వైకుంఠం పోయిన నెలే ఇలా మోసపోయాడు.

పైగా వెనక సీట్లో తల్లి నాగమణమ్మ. పదకొండింటికి డయాలసిస్. ఆలస్యమైతే బెడ్ ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఇంజను చల్లబరిచే ఆ పచ్చ నీళ్లు, కూలెంట్, తగ్గుతున్న మాట నిజమే. నెల నుంచి పోస్తూనే ఉన్నాడు, తగ్గుతూనే ఉంది. మెకానిక్ డానియేలు రెండుసార్లు షెడ్డులో పెట్టి చూశాడు. చుక్క కారలేదు.

మొన్న అతనే ఫోన్ చేశాడు.

"సేట్, నిలవెట్టి చూస్తే దొరుకుతలేదు. ఒక పని చేస్త..."

"నీతోని కాదులే!" అని విశ్వేశ్వర్ పెట్టేశాడు. ఎవరి మాటా చివరిదాకా వినే అలవాటు అతనికి లేదు.

మోపెడ్ కారుకు అడ్డంగా వచ్చి ఆగింది.

"సేట్, నేను..."

విశ్వేశ్వర్ దిగుతూనే చెంప మీద కొట్టాడు.

"దొంగ సాలే! పేషెంటున్న బండే దొరికిందారా నీకు?"

జనం మూగారు. ఒకడు కాలర్ పట్టుకున్నాడు. ఇంకొకడు మోపెడ్‌ను తన్ని పడేశాడు.

ముసలాయన చెంప పట్టుకుని ఒక్క మాటే అన్నాడు.

"వేడి మీద మూత తియ్యకుండ్రి సేట్. మొకం కాల్తది."

విశ్వేశ్వర్ మళ్లీ బండెక్కాడు. కారు రెండు సందులు దాటిందో లేదో, వేడి చూపే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. బానెట్‌లోంచి ఆవిరి. బండి ఆగిపోయింది.

విశ్వేశ్వర్ కంగారుగా బానెట్ ఎత్తి, తిప్పి తీద్దామని రేడియేటర్ మూత మీద గుడ్డ వేశాడు.

"వద్దన్నడు గద బిడ్డా!" తల్లి అరిచింది.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అంతలో ఒక ఆటో వచ్చి ఆగింది. డానియేలు దిగాడు, చేతిలో కొత్త రబ్బరు పైపుతో.

"అమ్మను ఈ ఆటోల తీస్కపోండ్రి సేట్. బండి నేను చూస్త. కింది పైపు పగిలింది. వేడికి ఉబ్బితెనే కారుతది, సల్లగుంటె అంత పొడే. అందుకే షెడ్డుల దొరకలే."

"నేను ఫోన్ చెయ్యనే లేదు. చూడకుంటనే నీకెట్ల తెలిసింది?"

"నడిసే బండి ఎనక తిరిగితెనే దొరుకుతదని, మా షెడ్డు పెద్దాయన రెండు దినాల సంది మోపెడేస్కొని మీ ఎనకనే తిరుగుతుండు. షెడ్డు ఈడనే గద, బండి ఇటు మళ్లిందని ఇప్పుడే ఫోన్ చేసిండు."

ముసలాయన్ని కొట్టిన విశ్వేశ్వర్ అరచెయ్యి ఇంకా మండుతోంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"ఇంకేమన్నడు?"

"ఇంకేం అనలే సేట్. 'ఆ తల్లికి యాళ్లయితుంది, పైపుతోని ఆటో గూడ తీస్కపో బిడ్డా' అన్నడు మా బాపు."