బేకరీ మీసం

బేకరీ నడిపే ఆయన మీసం తీయించుకుని ఇంటికొచ్చాడు. అన్నం తింటున్న భార్యకు పొలమారింది.

“ఏం పందెం ఓడిపోయారు?”

“ముందు తిను, చెప్తా.”

గోధుమ పిసరంత కూడా పడదని డాక్టరు చెప్పినప్పటి నుంచీ ఆవిడది మహారాణీ భోజనమే. వేడన్నం, చేప వేపుడు, గుడ్లు, గడ్డపెరుగు, మామిడిపండు! కంచం ముందు కూర్చుంటే పిడుగు పడ్డా లేవదు.

“నా బన్నుల మీద బెంగ లేదా?”

“బన్నులా! తిండికేం లోటు?” చేప ముల్లు తీస్తూ నవ్వింది. “నా బెంగ వేరే.”

“తెలుసు. ఎంత కడిగినా మీసంలో పిండి ఉంటుందనేగా, ఇన్నాళ్లూ ముద్దు పెట్టనివ్వలేదు?” నున్నటి పైపెదవి తడుముకున్నాడు. “ఇప్పుడు చూసుకో!”

చేప ముక్క వదిలేసి లేచిందావిడ. ఎంగిలి చేత్తోనే తలుపు గడియేసింది.